జో స్టాఫర్డ్ యుద్ధకాలపు డిస్కులు: ఏది ఏ ఏడాదిది, ఎలా తిప్పాలి, ఆవిడ నిజంగా నైట్‌క్లబ్ గాయనేనా?

పాటలపెట్టె:

అందరికీ నమస్కారం. అమెరికన్ గాయని జో స్టాఫర్డ్‌వి నాలుగు డిస్కులు చేతికొచ్చాయి. వాటిని తేదీల వరసలో పెట్టుకోవాలి, గాడులు చెడకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అవి ఇవీ.

ఒకటి, కాపిటల్ కంపెనీ 10 అంగుళాల 78, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు. 'లాంగ్ ఎగో అండ్ ఫార్ అవే' పాట, పాల్ వెస్టన్ ఆర్కెస్ట్రా అని ఉంది. రెండు, 12 అంగుళాలది. ఎరుపు, తెలుపు, నీలం లేబుల్ మీద 'వి-డిస్క్' అని ఉంది. పట్టుకుంటే కాస్త వంగుతోంది, గాడులు ఆగిపోయిన నున్నటి చోట 'డి4'తో మొదలయ్యే అంకెలు గీసి ఉన్నాయి. మూడు, 16 అంగుళాల పెద్ద పళ్లెం, అమెరికా సైన్యపు రేడియో అయిన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ రేడియో సర్వీస్ వారిది, 'సప్పర్ క్లబ్' అని రాసుంది. నాలుగు, అదీ 16 అంగుళాలే. అచ్చు లేబుల్ లేదు, టైపు కొట్టిన కాగితం అంటించారు.

నా ప్రశ్నలు: వీటి తేదీలు ఎలా తేల్చాలి? మామూలు ఎల్పీ ప్లేయర్ మీద తిప్పొచ్చా? ఒక పాత క్యాసెట్ అట్ట మీద 'యుద్ధకాలపు నైట్‌క్లబ్, రేడియో తార' అని ఆవిడ పేరుంది, అది ఎంతవరకు నిజం?

అర్ధరాత్రి రేడియో:

పాటలపెట్టె గారూ, చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. అది తేలితే తేదీలు సులువవుతాయి.

రేడియో తార అనడం నూటికి నూరుపాళ్లు నిజం. నైట్‌క్లబ్ తార అనడం మాత్రం అట్ట రాసినాయన ఉదారత. సోలో గాయనిగా ఆవిడ క్లబ్బులో కుదిరింది ఒక్కసారే, 1945 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని లా మార్టినీక్‌లో. ఆషామాషీ క్లబ్బు కాదది. 1940లో హాస్యనటుడు డానీ కే పేరు ఊరంతా మోగింది అక్కడి నుంచే. జోకి కూడా మంచి సమీక్షలే వచ్చాయి. అయినా మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. జనం ఎదుట నిలబడి కబుర్లు చెప్పి నవ్వించే పని తనకు అబ్బలేదని ఆవిడే ఒప్పుకుంది. క్లబ్బులో పాట సగం, కబుర్లు సగం. బల్లల మీద ప్లేట్ల చప్పుడు, గ్లాసుల గలగల దాటి జనాన్ని తనవైపు తిప్పుకోవాలి. జోది అలాంటి గొంతు కాదు, మైకు దగ్గర పుట్టిన గొంతు.

ఎందుకంటే ఆవిడ పెరిగిందే రేడియోలో. 1917 నవంబరు 12న కాలిఫోర్నియాలో కోలింగా దగ్గర పుట్టింది. చిన్నప్పుడు అయిదేళ్లు శాస్త్రీయ పద్ధతిలో గాత్రం నేర్చుకుంది. తర్వాత అక్కలు క్రిస్టీన్, పాలీన్‌లతో కలిసి 'స్టాఫర్డ్ సిస్టర్స్'గా లాస్ ఏంజెలిస్ స్టేషన్లలో పాడింది. 1938లో 'అలెగ్జాండర్స్ రాగ్‌టైమ్ బ్యాండ్' సినిమా సెట్టు మీద బృందగాయకులు కొందరు కలిసి పైడ్ పైపర్స్ కట్టారు. ఏడుగురు మగవాళ్లు, జో ఒక్కతి. 1939 డిసెంబరులో టామీ డార్సీ బ్యాండులోకి పిలుపు వచ్చింది గానీ ఎనిమిది మందిని పోషించలేనని డార్సీ అన్నాడు. నలుగురే వెళ్లారు. మరుసటి నెల అదే బ్యాండులోకి గాయకుడు ఫ్రాంక్ సినాట్రా వచ్చాడు.

నలుగురు కలిసి స్వరసమ్మేళనంలో పాడేటప్పుడు ఒక గొంతు వణికితే చాలు, మొత్తం శ్రుతి చెదురుతుంది. అందుకే జో స్వరాన్ని తీగ లాగినట్టు నిలబెడుతుంది. కంపితం, అంటే స్వరాన్ని వణికించడం, దాదాపు ఉండదు. సోలో పాటల్లో కూడా ఆ అలవాటు పోలేదు, అదే ఆవిడ ముద్ర అయింది. 1940లో సినాట్రా, పైడ్ పైపర్స్ కలిసి పాడిన 'ఐల్ నెవర్ స్మైల్ ఎగైన్' వినండి. ఆ ఏడాది జూలై 27న బిల్‌బోర్డు పత్రిక మొదటిసారి వేసిన అమ్మకాల పట్టికలో మొదటి స్థానం దానిదే, 12 వారాలు కదల్లేదు. గుసగుసలాడినట్టు పాడిన పాట. డాన్సు హాల్లో మైకు లేకుండా మూడో వరసకు కూడా వినపడదు.

1942 నవంబరులో ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో బృందంలో ఒకతను పొరపాటున డార్సీకి దారి తప్పు చెప్పాడు. డార్సీ అక్కడికక్కడే అతన్ని తీసేశాడు. మిగతా ముగ్గురూ అతనితో పాటే దిగిపోయారు. అక్కడి నుంచి కాపిటల్ కంపెనీ, 1944 నుంచి పూర్తిగా సోలో.

తేదీల సంగతి. 1942 ఆగస్టు 1 నుంచి 1944 నవంబరు దాకా సంగీతకారుల సంఘం రికార్డింగ్ సమ్మె చేసింది. వాద్యం పట్టుకున్నవాడెవడూ స్టూడియోలో అడుగు పెట్టలేదు. కాబట్టి మీ కాపిటల్ రికార్డు 1944 నవంబరు తర్వాతిదే అయి ఉండాలి.

లక్కపళ్లెం:

రేడియో గారూ, అంతా బాగా చెప్పి చివర్లో జారారు. సమ్మె అందరికీ ఒకే రోజు ముగియలేదు. సంఘం అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో అడిగింది, అమ్మిన ప్రతి రికార్డు మీద సంఘం నిధికి కొంత సొమ్ము. డెక్కా 1943 సెప్టెంబరులో ఒప్పుకుంది. కాపిటల్ అక్టోబరులో ఒప్పుకుంది. విక్టర్, కొలంబియా అనే రెండు పెద్ద కంపెనీలు పంతం పట్టి 1944 నవంబరు 11 దాకా లాగాయి. అంటే దాదాపు 13 నెలలు కాపిటల్ చేతిలో పూర్తి ఆర్కెస్ట్రా ఉంది, పోటీదార్ల చేతిలో లేదు.

జో సోలో జీవితం సరిగ్గా ఆ కిటికీలోంచి వచ్చింది. 1942లో పాటల రచయిత జానీ మెర్సర్, బడ్డీ డిసిల్వా, రికార్డుల కొట్టు నడిపే గ్లెన్ వాలిక్స్ కలిసి పెట్టిన బుల్లి కంపెనీ కాపిటల్. 1943 అక్టోబరులో సంతకం పడగానే ఆవిడ చేత సోలోలు పాడించడం మొదలుపెట్టారు. మీ 'లాంగ్ ఎగో అండ్ ఫార్ అవే' 1944 మొదటి సగానిది. ఆ ఏడాది విడుదలైన 'కవర్ గర్ల్' సినిమాలో పాట అది. రుజువు చెవులకే దొరుకుతుంది. అదే పాటను అదే ఏడాది విక్టర్ కోసం పెరీ కోమో పాడాడు. అది కూడా సంపాదించి పక్కపక్కన పెట్టి వినండి. కోమో వెనక ఒక్క వాద్యం ఉండదు, నోటితో పాడే బృందం మాత్రమే. గాయకులకు ఆ సంఘం సభ్యత్వం అక్కర్లేదు, అందుకని కంపెనీలు కోరస్‌తో గండం గడిపాయి. జో వెనక వెస్టన్ వాద్యబృందం నిండుగా మోగుతుంది.

ఇంకో చిక్కు. పాట పట్టికలోకి ఎక్కిన తేదీ చూసి రికార్డింగ్ తేదీ రాసుకోకండి. డార్సీ 'దేర్ ఆర్ సచ్ థింగ్స్' 1943 మొదట్లో అగ్రస్థానంలో ఉంది, అది రికార్డయింది 1942 జూలైలో. సమ్మె ముంచుకొస్తోందని కంపెనీలు జూలైలో పగలూ రాత్రీ రికార్డు చేసి గోదాములో దాచుకున్నాయి, కొంచెం కొంచెంగా వదిలాయి.

దీనికి తోడు లక్క కరువు. 78 రికార్డులో ఎక్కువ భాగం సున్నపురాయి, పలక పొడి. దాన్ని పట్టి ఉంచే బంక లక్క. అది వెళ్లేది మన దేశం నుంచే, చోటానాగపూర్ అడవుల పంట. జపాన్ యుద్ధంతో ఓడలు ఆగాయి. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం పౌర అవసరాల లక్కను 70 శాతం కోసింది. పాత రికార్డులు తిరిగిస్తేనే కొత్తవి ఇస్తామన్న కొట్లు ఉండేవి. వాటిని దంచి కరిగించి మళ్లీ అచ్చు కొట్టారు. అందుకే ఆ కాలపు కొన్ని అచ్చుల్లో బరబర మోత మొదటి రోజు నుంచే ఉంది. మీ కాపిటల్ గరగరలాడితే కంగారుపడి కడుగుతూ కూర్చోకండి, కొంత పుట్టుకతో వచ్చింది.

ఇక రెండోది. వి-డిస్కులు సైన్యం కోసం మాత్రమే వేసినవి. 1943 అక్టోబరు 1న మొదటి పెట్టెలు వెళ్లాయి, 1949 మేలో ఆపారు. మొత్తం 80 లక్షలకు పైగా. సమ్మె నడుస్తుండగానే పెట్రిల్లో వీటికి ఒప్పుకున్నాడు, షరతులతో. ఎవరికీ ఫీజు లేదు, బయట అమ్మకూడదు, పని అయ్యాక మాస్టర్లు, అంటే అచ్చులు తీసే మూలప్రతులు, ధ్వంసం చేయాలి. నిజంగానే చేశారు. అందుకే మీ చేతిలో ఉన్నదాన్ని జాగ్రత్తగా చూడండి, తల్లి లేని పిల్ల అది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో మాత్రం మొత్తం వరస భద్రంగా ఉంది.

మీరు చూసిన 'డి4' అంటే 1944, ఆర్సీఏ విక్టర్ వాళ్ల ఏడాది గుర్తు. 'డి3' అయితే 1943, 'డి5' అయితే 1945. కానీ అది మాస్టర్ కోసిన ఏడాది. పాట అప్పుడే పాడిందని కాదు. వి-డిస్కుల మీద కొన్ని ప్రత్యేకంగా పాడించినవి, కొన్ని రేడియోలోంచి పట్టినవి, కొన్ని కంపెనీ రికార్డుల నకళ్లు. మొదట్లో సైనికులను పలకరిస్తూ రెండు మాటలు మాట్లాడిందనుకోండి, ప్రత్యేకంగా చేసినదని దాదాపు ఖాయం. చివర్లో చప్పట్లు ఉంటే రేడియో. ఏదీ లేకపోతే కాపిటల్ రికార్డు పక్కన పెట్టి, ఊపిరి తీసుకున్న చోట్లు కలుస్తాయేమో చూడండి. కలిస్తే నకలు. ఒకే పాట రెండుసార్లు పాడితే ఊపిరి తీసుకునే క్షణాలు అచ్చంగా ఒకేలా కుదరడం అరుదు.

కాఫీ క్లబ్బు:

క్లబ్బు గురించి ఒక ముక్క. లా మార్టినీక్ ఒప్పందం నెల చూడండి, 1945 ఫిబ్రవరి. క్లబ్బులకు అంతకంటే గడ్డు నెల ఆ యుద్ధంలో లేదు. ఫిబ్రవరి 1 నుంచి బొగ్గు ఆదా కోసం దేశమంతటా అలంకార దీపాలు ఆర్పించారు. 26 నుంచి అర్ధరాత్రికల్లా మూసేయాలని యుద్ధ సమీకరణ శాఖ అధిపతి జేమ్స్ బర్న్స్ ఆదేశం. న్యూయార్క్ మేయర్ లాగార్డియా తన ఊరికి ఒక గంట అదనంగా ఇచ్చి రచ్చ చేశాడు. మే నెలలో ఐరోపా యుద్ధం ముగిశాకే ఆ ఆంక్ష తీసేశారు.

దానికి ముందే పన్ను దెబ్బ. 1944 ఏప్రిల్ 1 నుంచి క్యాబరే పన్ను 30 శాతం, గోల చేస్తే జూలైకి 20కి దించారు. ఇందులో మెలిక ఏమిటంటే, వాద్యాలు మాత్రమే వాయిస్తే పన్ను లేదు. గాయని నోరు తెరిచినా, జనం లేచి డాన్సు చేసినా బిల్లు మొత్తం మీద పన్ను పడుతుంది, తిండీ తాగుడుతో సహా. చిన్న క్లబ్బులు గాయనిని మానిపించి పియానో పెట్టుకున్నాయి. న్యూయార్క్‌లో అయితే 1940 నుంచి వేలిముద్రలిచ్చి పోలీసు కార్డు తీసుకోకపోతే క్లబ్బులో పాడనివ్వరు. 1947లో జాజ్ గాయని బిల్లీ హాలిడే కార్డు పోయింది. కచేరీ హాల్లో పాడొచ్చు, మద్యం అమ్మే చోట పాడకూడదు. ఆవిడ పొట్ట మీద పడిన దెబ్బ అది.

జోకి ఈ బాధ ఏదీ తగల్లేదు. 1944 జూన్‌లో మెర్సర్ నడిపిన 'మ్యూజిక్ షాప్' వచ్చింది, వారానికి అయిదు రోజులు, రోజుకు 15 నిమిషాలు, ఎన్‌బీసీ రేడియో నెట్‌వర్కులో. క్లబ్బులో రాత్రికి రెండు మూడు షోలు పాడి వందల మందికి వినిపించేదానికి, ఇక్కడ పావుగంటలో దేశమంతా. సైనికులు 'జీఐ జో' అని పేరు పెట్టుకున్నారు. జీఐ అంటే మామూలు సిపాయి. వాళ్ల ఉత్తరాలకు ఆవిడే స్వయంగా జవాబులు రాసేది.

అర్ధరాత్రి రేడియో:

లక్కపళ్లెం గారూ, నిజమే, కాపిటల్ ముందే సంతకం చేసిన సంగతి మరిచాను. దిద్దినందుకు సంతోషం.

ఆ తప్పు కడుక్కోవడానికి మూడో డిస్కు తేల్చేస్తాను. అది యుద్ధకాలానిది కాదు. 'చెస్టర్‌ఫీల్డ్ సప్పర్ క్లబ్' 1944 డిసెంబరు 11న మొదలైంది, మ్యూజిక్ షాప్ జాగాలోనే, పెరీ కోమోతో. జో అందులో స్థిరంగా కుదిరింది సరిగ్గా ఏడాది తర్వాత, 1945 డిసెంబరులో. అప్పటికి జపాన్ లొంగిపోయి నాలుగు నెలలు. సైన్యపు రేడియో యుద్ధం తర్వాత కూడా విదేశీ స్థావరాలకు డిస్కులు పంపుతూనే ఉంది, అందుకే ఈ తికమక. పేరులో 'చెస్టర్‌ఫీల్డ్' లేకపోవడానికి కారణం, సైన్యపు రేడియోలో ప్రకటనలు నిషిద్ధం. సిగరెట్ల మాటలు కోసేసి ఆ ఖాళీలో సంగీతం అతికించేవాళ్లు. 'క్రాఫ్ట్ మ్యూజిక్ హాల్' వాళ్ల చేతిలో ఉత్త 'మ్యూజిక్ హాల్' అయింది. పాట మధ్యలో ధ్వని రంగు ఒక్కసారిగా మారితే అది అతుకు, మీ ముల్లు తప్పు కాదు.

ఇప్పుడు గొంతులు లెక్కపెట్టండి. కోమో, జో ఒకే ఎపిసోడ్‌లో ఉంటే 1945 డిసెంబరు నుంచి 1946 నవంబరు మధ్యది కావచ్చు. ఆ నవంబరులో ఆవిడ కాలిఫోర్నియా వెళ్లిపోయి, మంగళ, గురువారాలు హాలీవుడ్ నుంచి తానే నడిపింది. కోమో న్యూయార్క్ నుంచి మిగతా మూడు రోజులు. 1948లో గురువారాలు ఇంకో గాయని పెగ్గీ లీకి వెళ్లాయి, జోకి మంగళవారం మిగిలింది. 1949 సెప్టెంబరులో జో మానేసింది. ఎపిసోడ్ 15 నిమిషాలది, 16 అంగుళాల డిస్కు ఒక వైపు పట్టేదీ అంతే. అంటే మీ డిస్కు రెండు వైపులూ రెండు వేర్వేరు రోజులు. ఒక వైపు జో, రెండో వైపు పెగ్గీ లీ ఉంటే 1948, 49లలో వెతకండి. డిస్కుకి ఒకే తేదీ రాసి పెట్టుకుంటే తప్పవుతుంది.

ఈ కార్యక్రమాన్ని 1946 ఏప్రిల్ 5న ఎగిరే విమానంలోంచి ప్రసారం చేశారు. మధ్యాహ్నం రిహార్సల్‌కి ఒకసారి ఎగిరారు. స్టాండు మైకులు అక్కడ కుదరక చేతి మైకులు పట్టుకున్నారు. సాయంత్రం ఒక ప్రసారం, పశ్చిమ తీరం వాళ్ల కోసం మళ్లీ ఇంకొకటి. రెండుసార్లు ఎందుకంటే, పెద్ద నెట్‌వర్కులు అప్పట్లో రికార్డు చేసినదాన్ని ప్రసారం చేయనిచ్చేవి కావు. తూర్పుకీ పశ్చిమానికీ మూడు గంటల తేడా, అందుకని అదే కార్యక్రమం అదే రోజు మళ్లీ మొదటి నుంచి. ఒకే తేదీకి ఒకే పాట రెండు రకాలుగా దొరికితే ఆశ్చర్యపోకండి, రెండూ నిజమే.

ముల్లు మాస్టారు:

చరిత్ర అయింది కదా, ఇక ముల్లు సంగతి. ముందే చెబుతున్నా, ఎల్పీ ముల్లుతో ఏదీ తిప్పకండి. ఎల్పీ ముల్లు కొన 0.7 మిల్. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 78కి వేసే ముల్లు కొన అంతకు నాలుగింతలు. సన్న ముల్లు గోడలను తాకదు, అడుగున ఉన్న దుమ్ములో దొర్లుతుంది. మీకు వినపడే బుసబుస ఆ దుమ్ముదే.

కాపిటల్ 78కి 3 మిల్ ముల్లు, బరువు 3 నుంచి 5 గ్రాములు. వి-డిస్కుకి 2.5తో మొదలుపెట్టండి. కారణం, మామూలు 12 అంగుళాల 78 వైపుకి నాలుగున్నర నిమిషాలు పడితే వి-డిస్కు ఆరున్నర దాకా పడుతుంది. గాడులు దగ్గర దగ్గరగా, అంగుళానికి 136 వరకు కోశారు. సరుకు కూడా లక్క కాదు, వినైల్ జాతి. వంగడం అందుకే. సిపాయిలు ఉక్కు ముళ్ల గ్రామఫోన్ల మీద వీటిని వందలసార్లు తిప్పారు, కాబట్టి గోడ పైభాగం అరిగి ఉంటుంది. 2.5తో పగిలినట్టు మోగితే 2.3 వేయండి, అరగని చోటు కింద దొరకొచ్చు. 16 అంగుళాల అచ్చు డిస్కుకి 2.3 లేదా 2.5.

స్టీరియో కార్ట్రిడ్జే (ముల్లు బిగించే చిన్న పెట్టె) వాడండి, రెండు ఛానెళ్లు రికార్డు చేసి తర్వాత కంప్యూటర్‌లో కలపండి. ఇవి అడ్డంగా కదిలే గాడులు. రెండింటినీ కలిపితే నిలువు కదలికల చప్పుడు చాలావరకు రద్దయిపోతుంది. కలిపాక పాట మాయమై, గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటే అది నిలువు గాడి డిస్కు. ఆ కాలంలో రేడియో స్టేషన్ల కోసం డిస్కులు చేసే కొన్ని ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలు అలా కోశాయి. ఒక ఛానెల్‌ని తిరగేసి కలపండి, పాట తిరిగొస్తుంది. గోడల్లో ఏది తక్కువ అరిగిందో చూసి ఆ ఒక్క ఛానెలే వాడుకోవడం ఇంకో దారి.

వేగం. అమెరికా 78 అసలు 78.26. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్, దాని మీద వచ్చిన లెక్క. స్ట్రోబ్ బిళ్ల, అంటే దీపం కింద గీతలు నిలబడినట్టు కనిపిస్తే వేగం సరిపోయిందని చెప్పే గీతల బిళ్ల, కొంటే జాగ్రత్త. 92 గీతల బిళ్ల 60 హెర్ట్జ్‌కి. మన 50 హెర్ట్జ్ దీపం కింద అది నిలబడిందంటే పళ్లెం 65 చుట్లే తిరుగుతోంది, జో గొంతు మగగొంతు అవుతుంది. మనకు 77 గీతలది కావాలి. అది 77.92 ఇస్తుంది, అసలుకి 0.4 శాతం తక్కువ, చెవికి తెలియదు. 16 అంగుళాలవి తిరిగే 33⅓కి మన కరెంటులో 180 గీతలు, లెక్క సరిగ్గా కుదురుతుంది. ఎల్ఈడీ బల్బు కింద చాలాసార్లు గీతలు నిలబడవు, పాత చోకు ట్యూబ్‌లైట్ కింద చూడండి.

ఈ గాయని విషయంలో వేగం కంటే పెద్ద శత్రువు కన్నం. మధ్య కన్నం 1 మిల్లీమీటరు పక్కకు ఉంటే, లోపలి గాడుల దగ్గర, అంటే 60 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో, శ్రుతి అటూ ఇటూ 1.7 శాతం ఊగుతుంది. స్వరానికీ పక్క అరస్వరానికీ మధ్య దూరంలో నాలుగో వంతు పైన. గమకాలతో పాడే గొంతైతే అందులో కలిసిపోతుంది. జోలాగా నిటారుగా నిలబెట్టే స్వరంలో ప్రతి చుట్టూ వినపడుతుంది, ఆవిడ కంపితం వేస్తోందని పొరబడతారు. స్పిండిల్, అంటే మధ్య కడ్డీ, తీయడానికి వీలున్న ప్లేయరైతే తీసేసి, ముల్లు అటూ ఇటూ ఊగకుండా అయ్యేదాకా డిస్కుని వేలితో కొంచెం కొంచెం జరపండి. కన్నం మాత్రం గీకి పెద్దది చేయకండి.

16 అంగుళాలవి మామూలు ప్లేయర్ మీద ఎక్కవు. వాటి అంచు మధ్య నుంచి 203 మిల్లీమీటర్లు వస్తుంది. మామూలు ఆర్ము స్తంభం మధ్య నుంచి 215 దగ్గరే ఉంటుంది, దాని దిమ్మకే డిస్కు కొట్టుకుంటుంది. 12 అంగుళాల పొడవు ఆర్ము వేరే పలక మీద బిగించాలి. పళ్లెం 12 అంగుళాలదే అయితే పైన 16 అంగుళాల ప్లైవుడ్ గుండ్రం, దాని మీద ఫెల్టు వేయండి, లేకపోతే అంచు జారి కిందికి వాలుతుంది. లేబుల్ మీద ఎక్కడ మొదలుపెట్టాలో చదవండి. కొన్ని వైపులు లోపలి నుంచి బయటికి నడుస్తాయి. అరగంట కార్యక్రమంలో మొదటి భాగం లోపల ముగుస్తుంది, అక్కడ గాడి వేగం బయటి అంచులో సగం కూడా ఉండదు, పై స్వరాలు మొద్దుబారతాయి. రెండో భాగం బయట మొదలుపెడితే అతుకు దగ్గర ధ్వని ఒక్కసారి తేటపడుతుంది. అది తెలియకుండా రెండో భాగాన్ని లోపల నుంచి కోశారు. తెలివైన పని.

ఈక్వలైజేషన్, అంటే కోసేటప్పుడు మార్చిన స్వరాల హెచ్చుతగ్గులను తిప్పేటప్పుడు సరిచేయడం: 16 అంగుళాల సైన్యపు డిస్కులకు ఎన్ఏబీ వంపు ప్రయత్నించండి. 500 హెర్ట్జ్ దగ్గర మలుపు, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 16 డెసిబెల్స్ కోత. మీ ఆంప్లిఫయర్‌లో ఉండే ఆర్ఐఏఏ 13.7 మాత్రమే కోస్తుంది, 'స' శబ్దాలు గుచ్చుకుంటాయి. వి-డిస్కులు రకరకాల చోట్ల నుంచి వచ్చినవి కాబట్టి ఒకే వంపు అంటూ లేదు, పాట పాటకీ చెవితోనే.

కడగడం: లక్క 78కి స్పిరిట్, ఆల్కహాల్ తాకనివ్వకండి, లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కలు వాసన లేని సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్, గాడి వెంబడే. లేబుల్ తడవకూడదు. నాలుగో డిస్కుని ఇంకా ముట్టుకోకండి. ముందు మూడు సంగతులు చెప్పండి: అంచున లోహం మెరుస్తోందా, చిన్న కన్నాలు ఎన్ని, పైన తెల్లటి పొర ఏమైనా ఉందా?

పాటలపెట్టె:

అందరికీ చాలా థ్యాంక్స్. మూడో డిస్కు లేబుల్ మళ్లీ చూశాను. ఒక వైపు జో స్టాఫర్డ్, రెండో వైపు పెగ్గీ లీ అని ఉంది. అంటే 1948, 49.

మాస్టారూ, నాలుగోది: మధ్య కన్నం చుట్టూ ఇంకా మూడు కన్నాలు. అంచు మీద లోహం మెరవడం లేదు. టార్చి వేసి మధ్య కన్నం గోడ చూస్తే పచ్చగా గాజులా కనిపిస్తోంది. పైన అక్కడక్కడ తెల్లటి జిడ్డు. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచెయ్యనా?

ముల్లు మాస్టారు:

వద్దు, గుడ్డ కింద పెట్టండి.

అది అచ్చు కొట్టిన డిస్కు కాదు, లాకర్. ప్రసారం జరుగుతుండగా నేరుగా కోసింది, ప్రపంచంలో అదొక్కటే ఉండొచ్చు. పక్క కన్నాలు కోసే యంత్రం మీద జారకుండా పట్టుకునే మేకుల కోసం. మామూలుగా లోపల అల్యూమినియం పలక ఉంటుంది. యుద్ధంలో అల్యూమినియం విమానాలకు పోయింది, అందుకని గాజు పలక మీద లాకర్ పూశారు. కాబట్టి మీ నాలుగింటిలో, కాపిటల్, వి-డిస్కుల తర్వాత, యుద్ధకాలపు వాసన గట్టిగా ఉన్నది ఇదే. టైపు కాగితం మీద తేదీ ఉంటే ముందు ఫొటో తీసుకోండి, ఆ జిగురు ఎప్పుడైనా ఊడుతుంది.

తెల్లటి జిడ్డు బూజు కాదు. లాకర్‌ని మెత్తగా ఉంచడానికి కలిపిన ఆముదం ఏళ్ల మీద విరిగి, పామిటిక్ ఆమ్లంగా పైకి చెమర్చింది. పొడి గుడ్డతో రుద్దితే గాడుల్లోకి దిగి మేకులా కూర్చుంటుంది. నీళ్లకు కరగదు. ఆల్కహాల్ వేస్తే లాకరే పోతుంది. అసలు ప్రమాదం వేరే ఉంది: నూనె పోయేకొద్దీ లాకర్ కుంచించుకుపోతుంది, గాజు కుంచించుకోదు. ఒక రోజు మామిడి తాండ్ర పెచ్చులు లేచినట్టు లేస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

ఏటవాలుగా వెలుతురు పడేలా పట్టుకుని అంచు చుట్టూ చూడండి. సన్నటి పగుళ్లు, బుడగలు కనిపిస్తే తిప్పే ఆలోచన మానేసి, శబ్ద భాండారాల్లో లాకర్లు శుభ్రం చేసే అనుభవం ఉన్నవాళ్లకు అప్పగించండి. పగుళ్లు లేకపోతే కూడా ఇంట్లో కడగొద్దు. అప్పటిదాకా నిలబెట్టి ఉంచండి, పడుకోబెట్టి మీద ఇంకోటి పెట్టకండి. రెండు గట్టి అట్టల మధ్య, నాలుగు వైపులా అంచు కింద స్పాంజి. ఏసీ ఉన్న గది అయితే మంచిది, వంటింటి గోడ పక్క అటకా, మేడ మీద గదీ వద్దు. కవరు మీద 'గాజు' అని పెద్దక్షరాల్లో రాయండి. చాలా గాజు డిస్కులు పోయింది ముల్లు వల్ల కాదు, మామూలు రికార్డే కదా అని ఒక చేత్తో ఎత్తడం వల్ల.

లక్కపళ్లెం:

టైపు కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి. స్టేషన్ అక్షరాలు, సమయం ఉంటే తూర్పు ప్రసారమా, పశ్చిమ తీరపు రెండో ప్రసారమా అన్నది చెప్పొచ్చు.